ఇంప్లాంట్లు ఉన్నాయని మామోగ్రామ్ తీయకుండా పంపించేశారు, ఇప్పుడేం చెయ్యాలి?

మణికొండ_తులసి | సోమవారం, రాత్రి 10:42

అందరికీ నమస్తే. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు. కొత్త ఐడీతో రాస్తున్నాను, కారణం చదివితే మీకే అర్థమవుతుంది.

నాకు 44 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. రెండోవాడు పాలు మానేశాక, 2012లో జూబ్లీహిల్స్‌లో ఒక సర్జన్ దగ్గర రొమ్ముల్లో సిలికాన్ ఇంప్లాంట్లు (సిలికాన్ నింపిన సంచులు) పెట్టించుకున్నాను. ఈ సంగతి మా ఆయనకు, మా అక్కకు తప్ప ఇంకెవరికీ తెలియదు. ఇన్నేళ్ళలో ఏ ఇబ్బందీ రాలేదు.

మా ఆఫీసులో ఏటా హెల్త్ చెకప్ ప్యాకేజీ ఇస్తారు. 40 దాటిన ఆడవాళ్ళకు అందులో మామోగ్రామ్, అంటే రొమ్ముకు తీసే ఎక్స్‌రే కూడా ఉంది. మా పెద్దమ్మకు 52వ ఏట రొమ్ము క్యాన్సర్ వచ్చింది కాబట్టి నాకు ఈ పరీక్ష ముఖ్యం. ఫారం నింపేటప్పుడు ఇంప్లాంట్లు ఉన్నాయని రాశాను. కౌంటర్‌లో అమ్మాయి అది చూసి, అందరూ వింటుండగానే "మేడమ్, సిలికాన్ ఉంటే మా దగ్గర తీయరు. మెషిన్‌లో నొక్కితే పగిలిపోతుంది" అని ఫారం వెనక్కి ఇచ్చేసింది. మా టీమ్ వాళ్ళు ఇద్దరు పక్క కుర్చీల్లోనే ఉన్నారు. ఆ క్షణంలో నాకు కాళ్ళు చేతులు ఆడలేదు.

నిజంగా పగిలిపోతాయా? మామోగ్రామ్ బదులు అల్ట్రాసౌండ్ చేయించుకుంటే సరిపోతుందా? లేక ఏటా ఎంఆర్ఐ తీయించుకోవాలా? తెలిసినవాళ్ళు చెప్పండి. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.


ఈసీఐఎల్_రాణి | సోమవారం, రాత్రి 11:05

అయ్యో తులసిగారూ, అందరిముందు అలా అనడం చాలా తప్పు. మీరు టెన్షన్ పడకండి. మా అపార్ట్‌మెంట్‌లో ఈమధ్య ఒక క్యాంపు పెట్టారు. థర్మల్ స్కాన్ అంటారు, కెమెరా ముందు నిలబడితే చాలు. నొక్కడం ఉండదు, రేడియేషన్ ఉండదు, ఎవరూ ముట్టుకోరు. మీలాంటివాళ్ళకు అదే మంచిదేమో కనుక్కోండి.


మామో_గది | మంగళవారం, ఉదయం 6:20

తులసిగారూ, నేను సిటీలోనే ఒక పెద్ద ఆసుపత్రిలో మామోగ్రఫీ టెక్నీషియన్‌ని. డ్యూటీకి బయల్దేరే ముందు రాస్తున్నాను, కొంచెం పొడుగవుతుంది.

మొదట రాణిగారికి. థర్మల్ స్కాన్ చర్మం మీద వేడిని చూస్తుంది. లోపల ఉన్న చిన్న గడ్డను, సున్నపు చుక్కలను (కాల్షియం పేరుకున్న సన్నటి మచ్చలను) అది చూపించలేదు. మామోగ్రామ్‌కు అది ప్రత్యామ్నాయం కాదని, మందులను, వైద్య పరికరాలను నియంత్రించే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ చాలాసార్లు హెచ్చరించింది. క్యాంపులో "అంతా బాగుంది" అనిపించుకుని అసలు పరీక్ష మానేసినవాళ్ళు మా దగ్గరికి గడ్డ పెద్దదయ్యాక వస్తుంటారు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను, ఏమీ అనుకోవద్దు.

ఇప్పుడు మీ ప్రశ్న. ఇంప్లాంట్లు ఉన్నవాళ్ళకు మామోగ్రామ్ తీయవచ్చు, తీయాలి కూడా. పద్ధతి మాత్రం వేరు. మామూలుగా ఒక్కో రొమ్ముకు రెండు ఫిల్ములు, పైనుంచి ఒకటి, పక్కనుంచి ఏటవాలుగా ఒకటి, మొత్తం నాలుగు తీస్తాం. ఇంప్లాంట్ ఉంటే ఎక్స్‌రేలో అది తెల్లగా పడి, దాని ముందూ వెనకా ఉన్న కణజాలాన్ని కప్పేస్తుంది. సెలైన్ (ఉప్పునీళ్ళు) నింపిన ఇంప్లాంట్ కన్నా సిలికాన్‌ది ఇంకా దట్టంగా కనిపిస్తుంది. అందుకని మొదట ఇంప్లాంట్‌తో సహా నాలుగు ఫిల్ములు తీస్తాం. అప్పుడు గట్టిగా నొక్కం, రొమ్ము కదలకుండా పట్టుకునేంత వరకే. ఆ తర్వాత ఇంప్లాంట్‌ను చేత్తో వెనక్కి, ఛాతీ గోడ వైపుకు నెట్టి, ముందున్న కణజాలాన్ని మాత్రమే ప్లేటు మీదికి లాగి నొక్కుతాం. దిండు మీద పరిచిన దుప్పటిని, దిండు రాకుండా అంచు పట్టి ముందుకు లాగినట్టు ఉంటుంది. ఇలా ఇంకో నాలుగు. మొత్తం ఎనిమిది. ఇంప్లాంట్‌ను వెనక్కి నెట్టి తీసే ఈ రెండో నాలుగింటిని ఎక్లండ్ వ్యూలు అంటారు. అమెరికాలో ఎక్లండ్ అనే రేడియాలజిస్టు, ఆయనతో పనిచేసినవాళ్ళు 1988లో ఈ పద్ధతిని ప్రచురించారు. ఇది కొత్త విద్యేమీ కాదు, నేర్చుకుని ఉండాలి, అంతే.

పగిలిపోవడం అరుదు. చాలా పాతబడిన ఇంప్లాంట్లలో అలా జరిగిన సందర్భాలు రికార్డయ్యాయి కాబట్టి "అసలు జరగదు" అని అనను. కానీ ఈ రెండో దశలో నొక్కుడు పడేది కణజాలం మీదే, ఇంప్లాంట్ మీద కాదు. తెలిసినవాళ్ళ చేతిలో భయపడాల్సిన పని లేదు.

మీకు కౌంటర్‌లో చెప్పిన మాటకు అసలు అర్థం "మా దగ్గర అది వచ్చినవాళ్ళు లేరు" అని. రాని చోట తీయించుకోకపోవడం ఒకందుకు మంచిదే. అయితే ఆ మాట పక్కకు పిలిచి చెప్పాలి, ఎక్కడికి వెళ్ళాలో కూడా చెప్పాలి.

ఫోన్ చేసినప్పుడు ఇలా అడగండి. "నాకు ఇంప్లాంట్లు ఉన్నాయి. వాటిని వెనక్కి నెట్టి తీసే వ్యూలు మీ దగ్గర తీస్తారా? అవి తెలిసిన టెక్నీషియన్ ఏ రోజు ఉంటారు? అదే రోజు అవసరమైతే అల్ట్రాసౌండ్ చేసే రేడియాలజిస్టు ఉంటారా?" ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబు వచ్చిన చోటికే వెళ్ళండి. రొమ్ము క్యాన్సర్‌కు ప్రత్యేక విభాగం ఉన్న ఆసుపత్రుల్లో ముందు అడగండి, ప్యాకేజీలు అమ్మే చిన్న సెంటర్లలో కాదు.


మణికొండ_తులసి | మంగళవారం, ఉదయం 9:48

మామో_గది గారూ, ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. క్యాబ్‌లో చదువుతుంటే కళ్ళనీళ్ళు వచ్చాయి. ఎనిమిది ఫిల్ములంటే రేడియేషన్ డబుల్ అవుతుంది కదా, పర్వాలేదా?

ఇంకొకటి, అడగడానికే ఇబ్బందిగా ఉంది. మా అత్తగారు ఆసుపత్రి అంటే తోడు రాకుండా ఉండరు. చాలా మంచి మనిషి, నామీద ప్రేమతోనే వస్తారు. ఆవిడకు తెలియకుండా ఈ పరీక్ష చేయించుకోవడం కుదురుతుందా?


మామో_గది | మంగళవారం, మధ్యాహ్నం 2:15

నాలుగు ఫిల్ముల మామోగ్రామ్‌కు పడే రేడియేషన్ సుమారు 0.4 మిల్లీసీవర్ట్ (రేడియేషన్‌ను కొలిచే యూనిట్). మనం ఏ పరీక్షా చేయించుకోకుండా మామూలుగా బతుకుతుంటేనే, నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి ఏడు వారాల్లో అంత రేడియేషన్ పడుతుంది. మీకు దాదాపు రెట్టింపు అనుకోండి. అయినా కొద్దే. దాని కోసం పరీక్ష మానకండి.

అత్తగారి విషయంలో ఇబ్బంది పడకండి, ఈ ప్రశ్న నాకు వారంవారం ఎదురవుతుంది. మామోగ్రఫీ గదిలోకి పేషెంటును తప్ప ఎవరినీ రానివ్వం. కౌంటర్‌లో నోటితో చెప్పక్కర్లేదు. ఒక చిన్న కాగితం మీద "రెండు వైపులా సిలికాన్ ఇంప్లాంట్లు, 2012, దయచేసి బయట ప్రస్తావించవద్దు" అని రాసి టెక్నీషియన్ చేతికి ఇవ్వండి. రిపోర్టు మీ చేతికే ఇవ్వమని, ఫోన్ నంబరు మీదే రాసుకోమని చెప్పండి. అది మీ హక్కు.

కానీ లోపల, ఫిల్ము తీసే మనిషి దగ్గర, చదివే డాక్టర్ దగ్గర మాత్రం దాచకూడదు. తోడికోడలో ఆడపడుచో తోడొచ్చిందని ఫారంలో "ఏమీ లేవు" అని రాసేవాళ్ళున్నారు. మొదటి ఫిల్ములో కోడిగుడ్డు ఆకారంలో తెల్లటి నీడ కనిపించగానే మేము ఆపేస్తాం. అప్పటికే మామూలు బలంతో నొక్కడం అయిపోయి ఉంటుంది. టైము ఇరవై నిమిషాలకే ఇచ్చి ఉంటారు, బయట క్యూ ఉంటుంది. ఆమెకు సరైన పరీక్ష జరగకుండానే రోజు గడిచిపోతుంది. వాళ్ళను చూస్తే నాకు కోపం రాదు, బాధ వేస్తుంది. ఇంట్లో చెప్పుకోలేని పరిస్థితి ఉంటే ఉండనివ్వండి, మా దగ్గర చెప్పండి చాలు.

వెళ్ళే రోజు చంకల్లో డియోడరెంట్, పౌడర్ వద్దు. అవి ఫిల్ములో సున్నపు చుక్కల్లా పడతాయి. చీరకన్నా టాప్, ప్యాంటు లాంటివి సులువు. నెలసరి అయిపోయిన తర్వాతి వారం అయితే నొప్పి తక్కువ.


ఫిల్ములు_చదివే_డాక్టర్ | మంగళవారం, రాత్రి 9:30

నేను రేడియాలజిస్టుని. మామో_గది గారు చెప్పినదంతా సరిగ్గా ఉంది, నేను మిగిలినవి కలుపుతాను.

ఇంప్లాంట్ల వల్ల మామూలు రొమ్ము క్యాన్సర్ వచ్చే ముప్పు పెరగదు. ఇది చాలా దేశాల్లో చాలా ఏళ్ళు చూసి తేల్చిన విషయం. ఇబ్బంది అంతా కనిపెట్టడంలోనే. 2004లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, లక్షణాలేమీ లేని స్త్రీలలో ఉన్న ప్రతి వంద క్యాన్సర్లలో మామోగ్రామ్ పట్టుకున్నవి ఇంప్లాంట్లు లేనివాళ్ళలో 67 దాకా ఉంటే, ఉన్నవాళ్ళలో 45 మాత్రమే. వినడానికి భయంగా ఉంది కదా. కానీ అదే అధ్యయనంలో, బయటపడేసరికి క్యాన్సర్ పరిమాణం, దశ ఇంప్లాంట్లు ఉన్నవాళ్ళలో ఎక్కువగా ముదిరిపోయి లేవు. ఒక కారణం చేతికి దొరకడం కావచ్చు. ఇంప్లాంట్ వెనకనుంచి కణజాలాన్ని ముందుకు తోస్తుంది కాబట్టి గడ్డ చేతికి త్వరగా తగులుతుంది. అందుకే ఏడాదికోసారి డాక్టర్ చేత్తో పరీక్ష చేయించుకోండి, దాన్ని తక్కువగా చూడకండి. ముంబై టాటా మెమోరియల్ వాళ్ళు లక్షన్నర మందికి పైగా స్త్రీలను 20 ఏళ్ళు గమనించి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో చేసిన పరీక్ష వల్లనే 50 దాటినవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి.

అల్ట్రాసౌండ్ ఒక్కటే సరిపోదు. క్యాన్సర్ మొదట్లో కనిపించే సన్నటి సున్నపు చుక్కలు అల్ట్రాసౌండ్‌లో చాలాసార్లు దొరకవు, మామోగ్రామ్‌లో దొరుకుతాయి. కణజాలం దట్టంగా ఉన్నవాళ్ళకు, ఇంప్లాంట్లు ఉన్నవాళ్ళకు రెండూ కలిపి చేస్తే మంచిది.

ఎంఆర్ఐ దగ్గర చాలామంది పొరబడతారు. అందులో రెండు రకాలున్నాయి. ఇంప్లాంట్ చిరిగిందా లేదా చూడడానికి తీసేది ఒకటి, దానికి ఇంజెక్షన్ అక్కర్లేదు. క్యాన్సర్ కోసం తీసేది ఇంకొకటి, దానికి నరంలోకి కాంట్రాస్ట్ (స్కాన్‌లో తేడా స్పష్టంగా కనిపించేలా చేసే మందు) ఇంజెక్షన్ ఇచ్చి తీరాలి. ఇంజెక్షన్ లేకుండా ఇంప్లాంట్ కోసం తీసిన ఎంఆర్ఐ రిపోర్టులో "నార్మల్" అని చూసి, క్యాన్సర్ లేదని ధీమాగా ఇంటికి వెళ్ళేవాళ్ళను చూశాను. రిక్వెస్టు చీటీలో దేనికోసమో స్పష్టంగా రాయించుకోండి.

సిలికాన్ ఇంప్లాంట్ చిరిగినా చాలాసార్లు బయటికి ఏమీ తెలియదు. అందుకే ఎఫ్‌డీఏ 2020 నుంచి, ఏ లక్షణమూ లేకపోయినా ఆపరేషన్ అయిన 5-6 ఏళ్ళకు మొదటిసారి, ఆపైన 2-3 ఏళ్ళకోసారి అల్ట్రాసౌండ్ గానీ ఎంఆర్ఐ గానీ చేయించుకోమంటోంది. తులసిగారూ, మీది 2012 అన్నారు కాబట్టి ఈ పరీక్ష కూడా ఇప్పుడే చేయించేయండి.

మీ పెద్దమ్మగారి సంగతి. ఒక్క పెద్దమ్మకు, అదీ 52లో అంటే దానంతట అదే భారీ ముప్పు కాదు. కానీ అమ్మ తరఫున ఇంకెవరికైనా రొమ్ము, అండాశయ క్యాన్సర్లు వచ్చాయా అని మీ అమ్మగారిని అడిగి రాసుకోండి. చిన్న వయసులో వచ్చినవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉంటే జన్యు పరీక్ష గురించి, ఏటా కాంట్రాస్ట్ ఎంఆర్ఐ గురించి మాట్లాడాల్సి వస్తుంది.


గోల్నాక_వాసి | మంగళవారం, రాత్రి 10:55

డబ్బులెక్కువై అందం కోసం పెట్టించుకున్నవాటికి ఇన్ని పరీక్షలా? బస్తీల్లో ఆడవాళ్ళకు మామోగ్రామ్ అంటేనే ఏమిటో తెలియదు. ముందు వాళ్ళ గురించి మాట్లాడండి.


రెడ్‌హిల్స్_రాధ | బుధవారం, ఉదయం 7:10

గోల్నాక అన్నా, నాకు కుడివైపు ఇంప్లాంట్ ఉంది. అందం కోసం కాదు. 39 ఏళ్ళప్పుడు క్యాన్సర్ వచ్చి రొమ్ము తీసేశారు, ఆ చోట ఇంప్లాంట్ పెట్టారు. ఇంప్లాంట్ ఉందంటే కారణం మీకు తెలిసిపోయినట్టు మాట్లాడకండి. పుట్టుకతో ఒకవైపు ఎదగని అమ్మాయిలు కూడా పెట్టించుకుంటారు. ఎందుకు పెట్టించుకున్నా సరే, తులసి అడిగింది క్యాన్సర్ ముందుగా ఎలా తెలుసుకోవాలని. ఆ ప్రశ్న అడిగే హక్కు కారణాన్ని బట్టి రాదు.

బస్తీల గురించి మీరన్నది మాత్రం నిజం, ఆ మాట నాకూ నొప్పే. కేంద్రం కార్యక్రమంలో 30 దాటిన ఆడవాళ్ళకు ఐదేళ్ళకోసారి రొమ్ము, గర్భాశయ ముఖద్వార, నోటి క్యాన్సర్ల పరీక్ష చేయాలని ఉంది. మీ ఏరియా ఆశా అక్కను, బస్తీ దవాఖానను అడగండి, అడిగితేనే కదులుతుంది. అనుమానం వస్తే రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి సర్కారుదే. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే తీసుకెళ్ళండి. మీ ఇంట్లో ఎవరికైనా కావాలంటే నాకు మెసేజ్ పెట్టండి, నేనే తోడు వస్తాను.


మోడరేటర్ | బుధవారం, ఉదయం 8:00

గోల్నాక_వాసి గారూ, బస్తీ స్త్రీల స్క్రీనింగ్ మీద విడిగా చర్చ మొదలుపెట్టండి, పైన పిన్ చేస్తాను. ఇక్కడ ఎవరి నిర్ణయాన్నీ తప్పుపట్టవద్దు.


రెడ్‌హిల్స్_రాధ | బుధవారం, ఉదయం 8:25

నా అనుభవం కూడా చెబుతాను, నాలాంటివాళ్ళు చదువుతుంటారు. రొమ్ము పూర్తిగా తీసేసి ఇంప్లాంట్ పెట్టిన వైపు సాధారణంగా మామోగ్రామ్ తీయరు, ఎందుకంటే తీయడానికి కణజాలం దాదాపు ఉండదు. ఆ వైపు డాక్టర్ చేత్తో చూస్తారు. చర్మం కింద, మచ్చ దగ్గర, చంకలో బఠాణీలా ఏదైనా తగిలితే అల్ట్రాసౌండ్ చేస్తారు. రెండోవైపు మాత్రం ఏటా మామోగ్రామ్ తప్పదు. నాకు తెలిసిన ఒకావిడ "అంతా అయిపోయింది కదా" అని రెండో రొమ్ము పరీక్షలే మానేసింది. గొడవపడి మరీ తీసుకెళ్ళాను.


కొంపల్లి_రఘు | బుధవారం, రాత్రి 9:12

మగవాణ్ణి మధ్యలో అడగొచ్చో లేదో. మా ఆవిడకు 2015లో పెట్టించాం. ఈమధ్య "గరుకు ఇంప్లాంట్లు వెనక్కి పిలిచారు, వాటివల్ల క్యాన్సర్" అని వాట్సాప్‌లో వచ్చింది. తను రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు. వెంటనే తీయించేయాలా?


ఫిల్ములు_చదివే_డాక్టర్ | బుధవారం, రాత్రి 10:40

రఘుగారూ, అడగడం మంచిదైంది. వాట్సాప్‌లో వచ్చిన దాంట్లో కొంత నిజం ఉంది. 2019 జులైలో అలర్గాన్ కంపెనీ తన బయోసెల్ రకం గరుకు ఇంప్లాంట్లను ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. గరుకు ఉపరితలం ఉన్న ఇంప్లాంట్ చుట్టూ ఏర్పడే పొరలో, అరుదుగా, ఒక రకం లింఫోమా వస్తుంది. ఇది రొమ్ము క్యాన్సర్ కాదు, తెల్ల రక్తకణాలకు సంబంధించిన వేరే క్యాన్సర్. దీనికీ ఇంప్లాంట్లకూ సంబంధం ఉండొచ్చని ఎఫ్‌డీఏ మొదట 2011లో చెప్పింది. త్వరగా దొరికితే, ఇంప్లాంట్‌ను దాని చుట్టూ ఉన్న పొరతో సహా తీసేస్తే చాలామందికి నయమవుతుంది.

లక్షణాలేమీ లేనివాళ్ళు భయపడి తీయించుకోనక్కర్లేదని ఎఫ్‌డీఏ అప్పుడే స్పష్టంగా చెప్పింది. గమనించాల్సింది ఏమిటంటే, ఆపరేషన్ అయిన చాలా ఏళ్ళకు, తరచుగా 8-10 ఏళ్ళకు, ఒకవైపు రొమ్ము ఉన్నట్టుండి ఉబ్బడం. లోపల నీరు చేరుతుంది. కొందరిలో గడ్డ, నొప్పి కూడా ఉంటాయి. అలా అయితే అల్ట్రాసౌండ్ చూస్తూ సూదితో ఆ నీరు తీసి, ల్యాబ్‌లో సీడీ30 అనే పరీక్షకు పంపాలి. నీరు తీసి పారేసి "ఇన్ఫెక్షన్" అని యాంటీబయాటిక్ ఇచ్చి పంపిస్తే ఒప్పుకోకండి. ఆ పరీక్ష పేరు చెప్పి అడగండి.

ముందు మీ ఆవిడకు పెట్టినవి గరుకువో, నునుపువో తెలుసుకోండి. ఇంప్లాంట్ కార్డు మీద కంపెనీ, మోడల్, సీరియల్ నంబరు ఉంటాయి. ఇంట్లో లేకపోతే ఆపరేషన్ చేసిన చోట కేసు షీట్ కాపీ అడగండి, స్టిక్కర్ దాని మీద అతికిస్తారు.

ఈ చర్చలో 2010కి ముందు పెట్టించుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళు కూడా కార్డు వెతకండి. ఫ్రాన్స్‌కు చెందిన పీఐపీ అనే కంపెనీ వైద్యానికి పనికిరాని పారిశ్రామిక సిలికాన్ నింపి అమ్మిందని 2010లో బయటపడింది. అవి త్వరగా చిరుగుతాయి.


కొంపల్లి_రఘు | గురువారం, ఉదయం 7:35

కార్డు బీరువాలో పెళ్ళి ఆల్బమ్ కింద దొరికింది డాక్టర్‌గారూ. నునుపు రకమని రాసి ఉంది. తనకు మీ మెసేజ్ చదివి వినిపించాను. ఇద్దరం కలిసి టిఫిన్ చేశాం. చాలా థ్యాంక్స్.


నాగోల్_పిన్ని | గురువారం, మధ్యాహ్నం 12:20

నేను రిటైర్డ్ నర్సుని. స్క్రీనింగ్ అంటే ఏ బాధా లేనప్పుడు చేయించుకునేది. ఇప్పటికే చేతికి గడ్డ తగులుతుంటే, చనుమొన లోపలికి లాక్కుపోతే, రక్తం కారితే, చర్మం కమలా తొక్కలా గుంటలు పడితే ఏడాది ప్యాకేజీ కోసం ఎదురుచూడకండమ్మా. అదే వారం డాక్టర్‌కు చూపించండి. క్యాన్సర్ గడ్డకు మొదట్లో నొప్పి ఉండకపోవడమే ఎక్కువ. "నొప్పి లేదు కదా" అని ఊరుకున్నవాళ్ళను నా సర్వీసులో ఎంతమందిని చూశానో.

ఇంకో మాట. ఇంప్లాంట్ ఉన్నవాళ్ళకు సూది పరీక్ష చేయకూడదని ఎవరో అంటుంటారు. చేయవచ్చు. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ, సూదిని ఇంప్లాంట్ వైపు పోనివ్వకుండా పక్కగా పంపి ముక్క తీస్తారు. చూడకుండా గుడ్డిగా సూది గుచ్చేవాళ్ళ దగ్గర మాత్రం వద్దు.


మణికొండ_తులసి | తర్వాతి శనివారం, సాయంత్రం 5:50

అందరికీ అప్‌డేట్. మామో_గది గారు చెప్పిన ప్రశ్నలతో ఫోన్లు చేశాను. ఒకచోట "అంటే ఏంటి మేడమ్?" అన్నారు, ఇంకోచోట డబ్బుల గురించి మాత్రమే చెప్పారు. చివరికి ఒక ఆసుపత్రిలో ఫోన్ ఎత్తినావిడ "ఎక్లండ్ వ్యూలా? తీస్తాం, మీకు ఎక్కువ టైము పెట్టి స్లాట్ ఇస్తాను" అంది. ఆ మాటతో సగం బరువు దిగిపోయింది.

అత్తగారు వచ్చారు. కాగితం రాసి లోపల ఇచ్చాను, టెక్నీషియన్ చదివి నా చెయ్యి నొక్కి తలూపింది. ఎనిమిది ఫిల్ములు తీశారు. ఎడమవైపు ఇంప్లాంట్ చుట్టూ పొర గట్టిపడిందట, అది వెనక్కి సరిగ్గా జరగలేదు. ఆ వైపు తిన్నగా పక్కనుంచి ఇంకో ఫిల్ము తీసి, అల్ట్రాసౌండ్ చేశారు. నొప్పి కొంచెం ఉంది, ఓర్చుకోలేనంత కాదు. మొదటి రిపోర్టులో బైరాడ్స్ (రొమ్ము స్కాన్ ఫలితానికి వేసే గ్రేడు) 0 అని చూసి గుండె ఆగినంత పనైంది. ఇంకా పరీక్షలు చేసి చూడాలని మాత్రమే దాని అర్థమని డాక్టర్ కూర్చోబెట్టి చెప్పారు. అల్ట్రాసౌండ్ తర్వాత 2 అని ఇచ్చారు, అంటే ప్రమాదం లేని మార్పులు. ఇంప్లాంట్లు చిరగలేదు. ఏడాదికి మళ్ళీ రమ్మన్నారు.


ఫిల్ములు_చదివే_డాక్టర్ | తర్వాతి శనివారం, రాత్రి 8:05

చాలా సంతోషం తులసిగారూ. ఆ ఫిల్ముల సీడీ జాగ్రత్త చేయండి, రిపోర్టు కాగితం కన్నా అది ముఖ్యం. వచ్చే ఏడాది వేరే చోటికి వెళ్ళినా పాత ఫిల్ము పక్కన పెట్టుకుని చూస్తేనే కొత్తగా ఏం మారిందో తెలుస్తుంది.


మెహదీపట్నం_పాప | ఆదివారం, ఉదయం 11:30

హలో అక్కలూ. నాకు 36. ఇంప్లాంట్లు వద్దనుకుని, పొట్టలోంచి కొవ్వు తీసి రొమ్ములో నింపే పద్ధతి చేయించుకుందామని అనుకుంటున్నాను. అందులో సిలికాన్ లేదు కాబట్టి మామోగ్రామ్‌తో గొడవ ఉండదు కదా?


మామో_గది | ఆదివారం, మధ్యాహ్నం 1:10

అడ్డుపడే ఇంప్లాంట్ ఉండదు, అది నిజమే. కానీ నింపిన కొవ్వులో కొంత చచ్చిపోయి నూనె తిత్తులుగా, సున్నపు చుక్కలుగా మారుతుంది. కొన్నిసార్లు అవి క్యాన్సర్‌లా కనిపించి బయాప్సీ (సూదితో ముక్క తీసి చూసే పరీక్ష) దాకా వెళ్ళాల్సి వస్తుంది. అందుకని ఆపరేషన్‌కు ముందే మీ డాక్టర్‌తో మాట్లాడి మీ వయసుకు, కుటుంబ చరిత్రకు తగ్గ స్కాన్ ఒకటి తీయించి దగ్గర పెట్టుకోండి. తర్వాత ఎప్పుడు మామోగ్రామ్‌కు వెళ్ళినా కొవ్వు నింపించుకున్న సంవత్సరం ఫారంలో రాయండి. ఒకవేళ మనసు మార్చుకుని ఇంప్లాంట్లే పెట్టించుకుంటే, ఛాతీ కండరం పైన పెడతారా కింద పెడతారా అని సర్జన్‌ను అడగండి. కండరం కింద ఉంటే మాకు కణజాలం ఎక్కువ కనిపిస్తుంది.